పెన్నేటి ఇసుక నుంచి సిలోనుకు

దేవకుమారి మొదటి గెలుపు వీరభద్రారెడ్డిని పెన్నేరు దాటించడం. పడవ మీద కాదు, ఎద్దులబండి మీద కాదు. కాళ్ల మీద. అందులో ఒకటి చెక్కకాలు.

అది 1984 ఎండాకాలం. దేవకుమారి మా అన్న కూతురు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. కొట్టాలమిట్ట ఊరి బయట ఉండే మా పేటలో పది పాసయిన మొదటి ఆడపిల్ల ఆమె. నేను అదే ఊరి మిషను బడిలో ఐదు దాకా చదివి, ఒక్క మెమో అందుకోకుండా ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం పూర్తి చేసినవాణ్ణి. ఈరోజు మా చర్చి సంఘానికి పెద్దనని సంఘం పత్రికలో నాలుగు మాటలు రాయమన్నారంటే ఆ బడి పుణ్యమే. దేవకుమారి పాసయిన దినం నేనే బస్సులో అందరికీ బెల్లం పంచినాను. ఆ తర్వాత ఆమె జమ్మలమడుగు మిషను ఆస్పత్రిలో ఆయా పనికి చేరింది.

వీరభద్రారెడ్డి మా ఊరి రైతే. మా దిక్కు పార్టీ అంటే ముందు ఊర్లో వర్గం, ఆ తర్వాతే జెండా. జెండాలు మారుతుంటాయి, వర్గాలు మారవు. వీరభద్రారెడ్డి పులివెందులలో ఎవరి పెండ్లికో పోయి వస్తుంటే ఎదుటి పార్టీవాళ్లు జీపు మీద బాంబు వేసినారు. ఎడమకాలు మోకాటి కింద పోయింది. ఆస్పత్రిలో పుండు మానింది, డాక్టర్లు చెక్కకాలు చేయించి ఇచ్చినారు. మనిషి మాత్రం గోడవైపు తిరిగి పండుకున్నాడు. ఆ చెక్కకాలు కిటికీకి వేలాడుతూ ఉండింది.

"నా కాలు తీసినోడి కాలు తీసినాకనే లేస్తా. పో" అన్నాడు దేవకుమారితో.

"వాని కాలు తీయనీకన్నా లేయల్ల గదన్నా. పండుకోని యాడ తీస్తావు?" అంది ఆమె.

వార్డంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. అసలు చిక్కు వేరే ఉంది. నడక నేర్చుకునేవాడు మొదట ఎవరిదైనా భుజం పట్టుకోవాలి. పేటపిల్ల భుజం మీద చెయ్యి వేసి నడిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారోనని ఆయన బాధ. ఆ మాట నోటితో అనలేదు గానీ, చెయ్యి ముందుకు చాపి మళ్లీ వెనక్కి తీసుకోవడం దేవకుమారి చూసింది.

"అయితే ఎవరూ చూడని తావుకు పోదాం పా" అంది.

ఎండాకాలంలో పెన్నేరు నీళ్లులేని ఇసుక మైదానం. తెల్లవారుజామున అక్కడ కొంగలు తప్ప ఎవరూ ఉండరు. ఆస్పత్రి బండిలో గట్టు దాకా తీసుకుపోయి, ఆయన్ను ఇసుకలోకి దింపింది. ఆయన పడినాడు. ఆమె లేపలేదు. పక్కనే కూర్చుంది.

"లేపవేం మే?" అని అరిచినాడు.

"ఇసక సల్లగుండాది గదన్నా. నేను గూడా రోంతసేపు కూసుంటా."

అట్లా ఆ దినం కూర్చోవడంతోనే సరిపోయింది. మరుసటి దినం రెండడుగులు. ఇసుకలో నడక కష్టం, పడితే దెబ్బ తగలదు. ఇసుకలో నడిచినవాడికి సిమెంటు నేల ఒక లెక్క కాదు. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆ పొద్దుటి పూటల్లో ఆమే కనిపెట్టింది. కొన్ని దినాలకు వీరభద్రారెడ్డి తనంతట తనే ఆమె భుజం మీద చెయ్యి వేసినాడు. ఆ ఎండాకాలం ముగిసేలోగా అవతలి గడ్డకు చేరినాడు. గడ్డన కూర్చుని ఆయన అడిగిన మొదటి మాట "బీడీ ఉండాదా?" అని.

"నా దగ్గర బీడీ యాడిదన్నా? కాళ్లొచ్చెగదా, నడిసి పొయ్యి అంగట్లో కొనుక్కో" అంది దేవకుమారి.

ఆ కథను వీరభద్రారెడ్డే ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె ఎక్కడా చెప్పలేదు.

మరుసటి ఏడు మా ఊరి ఎదుటి పార్టీ పెద్ద సుబ్బరాయుడు ఆస్పత్రికి వచ్చినాడు. ఈసారి బాంబు వీరభద్రారెడ్డి మనుషులది, పోయింది కుడికాలు. వీరభద్రారెడ్డి కబురు పంపినాడు: "వానికి నేర్పితే నా మొగం చూడొద్దు" అని. దేవకుమారి ఆ కబురు తెచ్చినవానితోనే బదులు పంపింది: "ఆయన మొగం చూసి నేర్పలే, కాలు చూసి నేర్పితి. ఈయనకూ అంతే."

అప్పటి నుంచి ఇసుకలో ఒక కట్టుబాటు వచ్చింది. ఒక పార్టీవాళ్లు పొద్దున, రెండో పార్టీవాళ్లు సాయంత్రం. తోడు వచ్చిన మనుషులూ, వాళ్ల నడుముల్లో ఉండేవీ గట్టు మీదే ఆగాలి. "ఇసకలో పార్టీ లేదు. ఉంటే గట్టు మీద పెట్టి దిగండి" అని ఆమె మాట. మా తాలూకాలో ఎన్నో కట్టుబాట్లు తెగిపోయినాయి. ఇది తెగలేదు. పులివెందుల దిక్కు పల్లెల నుంచి, ఎర్రగుంట్ల గనుల నుంచి, కలమల్ల కాడి కరెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్లు ఆ ఇసుకలో నడక నేర్చినారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల కాశీవిశ్వనాథం గారి భార్య సరస్వతమ్మకు చక్కెర జబ్బుతో పాదం తీసేస్తే, ఆమెను మూడంతస్తుల మేడ ఎక్కించింది మా దేవకుమారే. ఆ సంతోషంతో కాశీవిశ్వనాథం గారు ఆస్పత్రికి పట్టుకుని నడిచే ఇనుప కమ్ములు చేయించినారు. వాటి మీద ఆయన పేరుంది. ఇసుక మీద ఎవరి పేరూ లేదు.

ఆస్పత్రివాళ్లు ఆమె పని చూసి వేలూరుకు పంపి ఆరు నెలలు శిక్షణ ఇప్పించినారు. జిల్లాలో రబ్బరు కాళ్లు పంచే శిబిరం పెట్టినప్పుడు వేదిక మీద శాలువా కప్పినారు. ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. ఇవన్నీ గొప్పకు రాస్తున్నానంటే రాస్తున్నాననే అనుకోండి. గొప్పది కాబట్టే రాస్తున్నాను.

ఇక సిలోను సంగతి.

వేలూరులో దేవకుమారికి నేర్పిన డాక్టరమ్మ పేరు పునీతం. ఆమెది జాఫ్నా. సిలోనులో యుద్ధం ఆగి మాటలు నడుస్తున్నాయని తెలిసి, వేలూరు వదిలి సొంత ఊరికి పోయి, మందుపాతరల మీద కాలు వేసి కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం ఒక చిన్న ఆస్పత్రి పెట్టుకుంది. 2003 ఆగస్టులో ఆమె దేవకుమారికి ఉత్తరం రాసింది. మా ఆస్పత్రి సముద్రం పక్కన ఉంది, కావలసినంత ఇసుక ఉంది, ఇసుకలో నడిపించడం ఇక్కడ ఎవరికీ తెలియదు, ఒక నెల నా ఇంటికి అతిథిగా వచ్చి కాళ్లు పోయిన మా పిల్లలకు చూపించు, టికెట్టు నేను పంపిస్తాను, జనవరి ఇరవై ఒకటిన మొదలుపెడతాము, సంవత్సరం ముగిసేలోగా నీ పాసుపోర్టు చేతికి వస్తేనే టికెట్టు తీయగలను అని.

దేవకుమారి ఆ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకుంది. ఆమెకు చదవడం రాక కాదు.

"చిన్నాయనా, ఇన్నేండ్లూ మనుషులే నా కాడికొచ్చినారు. నన్ను రమ్మని పిల్సినోళ్లు యాడా లేరు. పోతా" అంది.

ఆమె నోట "నాకు కావాల" అనే మాట నేను విన్నది అదే మొదలు. పెండ్లి వద్దంది, ప్రమోషను వద్దంది. ఇది మాత్రం కావాలంది. ఎట్లయినా పంపాలని ఆ నిమిషమే అనుకున్నాను.

మా బస్టాపు కాడ గుల్జార్‌బీ బొరుగుల ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. ఊరి వార్తలన్నీ ఆ బాణలి చుట్టే వేగుతాయి. సంగతి తెలిసి గుల్జార్‌బీ గరిటె పక్కన పెట్టింది.

"సిలోన్లో బాంబులేస్తారంట గదే తల్లీ. యాల పోతావు ఆడికి?"

"ఈడ పూలు సల్లుతాండారా అక్కా?" అంది దేవకుమారి.

అంగట్లో తింటున్నవాళ్లకు పొలమారింది.

ప్రొద్దుటూరులో అలీ అహ్మద్ అనే ట్రావెల్సు ఆయన ఉన్నాడు. ఆయన పంపేదంతా కువైటుకే. మా జిల్లాలో పాసుపోర్టు అంటే కువైటు అనే అర్థం. మేమిద్దరం పోయి కూర్చున్నాము.

"కువైటా, సౌదీనా?" అన్నాడు తల ఎత్తకుండా.

"సిలోను."

"సిలోన్లో ఎవరింట్లో పని? సేటు పేరేంది?"

"పని కాదప్పా. పిల్సినారు. నెల్దినాలుండి, నాకు తెల్సింది చెప్పి, దేశం చూసి వస్తా."

అలీ అహ్మద్ అప్పుడు తల ఎత్తినాడు. "చూసొస్తానంటాండావా? నా అంగట్లో ఇంతవరకూ సంపాదిస్తా అన్నోళ్లే గానీ చూసొస్తా అన్నోళ్లు లేరమ్మా. కూర్చో, టీ తెప్పిస్తా."

ఆ దినం నుంచి ఆయనకు మా పని మీద మా కన్నా ఎక్కువ ఉత్సాహం. సిలోనులో దిగినాక ముప్పై దినాలకు స్టాంపు వేస్తారు, తిరుగు టికెట్టు చూపించాలి, ఎవరింట్లో దిగేదీ చెప్పాలి అని వివరించినాడు. మద్రాసులో విమానం ఎక్కేటప్పుడు ఏమి చేయాలో తన అంగట్లోనే చేయించి చూపించినాడు. తను ఆఫీసరు, బల్ల కౌంటరు, నేను వెనక వరుసలో నిలబడ్డ జనం.

"వై ఆర్ యూ కమింగ్?" అన్నాడు ఆఫీసరు గొంతుతో.

"విజిటర్" అంది దేవకుమారి, బల్ల పట్టుకుని.

"బల్ల ఇడువు. దొంగ మాదిరి పట్టుకుంటివే."

"జనాలు నన్ను పట్టుకుంటారప్పా. నేను పట్టుకునేది నాకు అలవాటు లే" అంది. ఆయన నవ్వి "పాస్" అన్నాడు.

దరఖాస్తు పోయింది. ఇంటికి పోలీసులు వచ్చి విచారిస్తారని అలీ అహ్మద్ చెప్పే పంపినాడు. మేమూ ఊర్లో అందరికీ చెప్పినాము. అయితే మా ఊరికి తెలిసిన పోలీసు అంటే జీపు, టోపీ, లాఠీ.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, నేను ప్రొద్దుటూరులో ఉన్నాను, దేవకుమారి ఆస్పత్రిలో ఉంది. మోటారుసైకిలు మీద ఒక మనిషి వచ్చినాడు. మామూలు ప్యాంటు, చొక్కా, నల్లకళ్లద్దాలు. గుల్జార్‌బీ అంగడి ముందు ఆగి అడిగినాడు.

"ఏమండీ, దేవకుమారి గారి ఇల్లు ఎక్కడండీ?"

ఇక్కడ చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. రెండేండ్ల కిందట ఇట్లాగే ఒకడు మోటారుసైకిలు మీద వచ్చి ఒక రైతు పేరు చెప్పి ఇల్లు అడిగినాడు. బోరింగు కాడి ఆడవాళ్లు మర్యాదగా చూపించినారు. తెల్లవారేసరికి ఆ రైతు శవమై ఉన్నాడు. ఇల్లు చూపించిన ఆడవాళ్లు ఇప్పటికీ ఆ బోరింగు కాడ నీళ్లు పట్టరు. అప్పటి నుంచి మా ఊర్లో చిన్నపిల్లలకు కూడా నేర్పినారు: కొత్తమనిషి పేరుపెట్టి అడిగితే ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదు. తండ్రి పేరు చెప్పి అడిగినా సరే. ఒక పార్టీ, రెండో పార్టీ అని లేదు, ఇందులో ఊరంతా ఒక్కటే.

పైగా ఇతను "గారు" అన్నాడు, "అండీ" అన్నాడు. మా దేవకుమారిని గారూ అని పిలిచేవాడు ఈ జిల్లావాడు కాడు. బయట నుంచి తెప్పించిన మనిషే అనుకుంది గుల్జార్‌బీ.

"ఆ పేరుగల మనిషి ఈడ లేదప్పా" అంది.

"ఆస్పత్రిలో పనిచేస్తారండీ ఆవిడ."

"ఆస్పత్రిలో చేసేటామెను ఆస్పత్రి కాడ అడగల్ల. ఈడ ఉగ్గాని ఉండాది, తింటావా?"

ఆయన పాపం తిన్నాడు. తిని ఇంకో నాలుగిండ్లలో అడిగినాడు. ఒక ఇంట్లో "ఎప్పుడో ఊరిడిసి పాయ" అన్నారు. ఇంకో ఇంట్లో "కువైటుకు పాయ". చివరి ఇంట్లో ఒక ముసలాయన మరింత గట్టిగా కాపాడదామని "సచ్చిపాయ, దేవుడు మేలు చేయనీ" అన్నాడు.

సాయంత్రం దేవకుమారి బస్సు దిగగానే గుల్జార్‌బీ ఎదురుపోయి చేతులు పట్టుకుంది. "నీ కోసం ఎవడో నల్లద్దాలోడు వచ్చినాడే. తరిమేసినా. రోంత జాగర్తగా ఉండు" అంది. కబురు ఇసుకకు చేరింది. మరుసటి దినం నుంచి పొద్దున ఒక పార్టీ మనుషులు, సాయంత్రం రెండో పార్టీ మనుషులు ఆమె వెంట ఇంటి దాకా కాపలా నడిచినారు. ఎందుకొచ్చిన నల్లద్దాలోడో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. పోలీసులు జీపులో ఎప్పుడొస్తారా అని మేము ఎదురుచూస్తూనే ఉన్నాము.

నవంబరు చివర అలీ అహ్మద్ పిలిపించినాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"అమ్మా, ఎంక్వైరీకి స్పెషల్ బ్రాంచి కానిస్టేబులు వచ్చె, పాయె. ఆ అడ్రసులో అట్లాంటి మనిషి లేదని రాసినారు. ఫైలు మూసినారు."

"ఎవరు వచ్చినారప్పా? ఒక్క పోలీసు గూడా రాలే" అన్నాను నేను.

"డ్రెస్సులో రారు మామా. మామూలుగా వస్తారు. కొత్తగా వేసినారంట ఆయన్ను, గోదావరి జిల్లా మనిషి. నల్లద్దాలు పెట్టుకుంటాడు."

దేవకుమారి ముందు నవ్వింది. అలీ అహ్మద్ కూడా నవ్వబోయినాడు గానీ, ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకోవడం చూసి ఆగిపోయినాడు. ఇంకో నెలలో సంవత్సరం ముగుస్తుంది.

ఊర్లోకి వచ్చి చెప్పగానే గుల్జార్‌బీ నెత్తి కొట్టుకుంది. "యా అల్లా! నిన్ను బతికించాలని నేనే లేకుండా చేస్తినే తల్లీ! ఉగ్గాని గూడా పెడ్తినే ఆ సచ్చినోనికి!"

"తిన్నాడు గదా. నా పేరు సెప్పుకోని ఒకడు కడుపునిండా తినె. ఊరుకో అక్కా" అంది దేవకుమారి.

మరుసటి పొద్దున నేనూ ఆమే స్టేషనుకు పోయినాము. ఎస్.ఐ. మంచివాడే. జరిగింది విని తల పట్టుకుని నవ్వి, మళ్లీ విచారణ రాసేదానికి ఒప్పుకున్నాడు. "అయితే ఊరు మొత్తం లేదని చెప్పింది. ఇప్పుడు ఉందని చెప్పాలంటే ఊరి పెద్దమనుషులు ఇద్దరు నా ముందుకు వచ్చి సంతకం చేయాలి" అన్నాడు.

బయటికి రాగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరేం, ఇరవై మందిని తెస్తాను అన్నాను. దేవకుమారి మాత్రం మెట్ల మీదే నిలబడిపోయింది.

"మన ఊర్లో పెద్దమనిషి అంటే ఎవరు చిన్నాయనా? ఆ పార్టీలో వీరభద్రన్న, ఈ పార్టీలో సుబ్బరాయుడన్న. ముందరే ఎలక్షన్లు వస్తాండాయంటాండారు. ఒకరి సంతకంతో పోతే నేను వాళ్ల మనిషినైపోతా. తిరిగొచ్చేసరికి ఇసకలో సగం మందే ఉంటారు."

"అయితే ఇద్దరి చేతా చేయిద్దాం."

"ఇద్దరూ ఒక పైకప్పు కింద నిలబడి పందొమ్మిదేండ్లు దాటె. ఒక కాగితం మీద సంతకం పెడ్తారా? వాళ్లను నేనడగను. నా సిలోను కోసం ఆ స్టేషను ముందర ఎవరి తలకాయన్నా పగిలితే, నేను నేర్పిన నడకంతా ఏం కాను?"

ఆ మాట నిజం. అందుకే నేనూ అడగలేకపోయినాను. ఇంటికి వచ్చి డాక్టరమ్మకు రాలేనని ఉత్తరం రాయమంది. మూడు దినాలు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ పెన్ను ముందుకు పోలేదు.

అడిగింది గుల్జార్‌బీ. ఎవరితోనూ చెప్పకుండా అంగడి మూసి, ముందు వీరభద్రారెడ్డి ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద ఉన్నాడు.

"ఏం రెడ్డీ, ఎవరి కాళ్లమీద తిరుగుతాండావు?"

"ఏందిబీ, పొద్దున్నే?"

"దేవకుమారి లేదని నేను అబద్ధం చెప్తి. ఉండాదని నిజం చెప్పనీకి నీకు నోరుండాదా? సుబ్బరాయుడొస్తాండాడు. నువ్వు బయపడి రావులే, ఊరికే అడిగిపోదామని వచ్చినా."

"ఎవరికి బయం?" అని ఆయన లేచి నిలబడినాడట.

అక్కడి నుంచి సుబ్బరాయుడింటికి పోయి, "రెడ్డి వస్తాండాడు, నువ్వు బయపడి రావంట" అని అదే పాట పాడింది. ఆ నిమిషానికి ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు. సాయంత్రానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

డిసెంబరు మొదటివారంలో గుల్జార్‌బీ ఎందుకో చెప్పకుండా నన్నూ దేవకుమారినీ స్టేషనుకు పిల్చుకుపోయింది. ఆ దినం స్టేషను ముందు రోడ్డుకు ఈ పక్క ఒక జీపు, ఆ పక్క ఒక జీపు. రెండింటి నిండా మనుషులు. అంగళ్లు షట్టర్లు దించినాయి. ఎస్.ఐ. చెమట తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చినాడు. ఒక్క రాయి ఎగిరితే చాలు.

దేవకుమారి వాళ్లను చూసి తెల్లబోయింది. తర్వాత నేరుగా రోడ్డు మధ్యకు పోయింది. ఆ గొంతు నేను గట్టు మీద నుంచి ఎన్నోసార్లు విన్నాను.

"మనుషులు ఆడే. జీపుల్లోంచి ఎవరూ దిగొద్దు. మీరిద్దరే రాండి. నడిసి."

ఇద్దరూ దిగినారు. చెరో పక్క నుంచి, ఒకర్నొకరు చూడకుండా, రోడ్డు మీద నడక మొదలుపెట్టినారు.

"వీరభద్రన్నా, మళ్లా నడుం వంచుతాండావు! సుబ్బరాయుడన్నా, కాలు ఈడ్చొద్దని ఎన్ని తూర్లు చెప్పల్ల? ఎత్తి ఎయ్యి!"

అరవై ఏండ్లు దాటిన ఆ ఇద్దరూ బడిపిల్లల మాదిరి నడుములు నిటారుగా చేసినారు. ముందు ఈ జీపులో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఆ జీపులో. సుబ్బరాయుడు నవ్వు ఆపుకోలేక, పందొమ్మిదేండ్ల తర్వాత మొదటి మాట అన్నాడు.

"నీకు గూడా ఇట్లే తిడ్తాదా రెడ్డీ?"

"నీకన్నా ముందు తిన్న తిట్లబ్బా నాయి" అన్నాడు వీరభద్రారెడ్డి.

లోపల ఎస్.ఐ. ఇద్దరినీ అడిగినాడు, ఈమె మీకు ఎట్లా తెలుసు అని. వీరభద్రారెడ్డి పంచె ఎత్తి కాలు చూపించినాడు. సుబ్బరాయుడూ అదే చేసినాడు. ఎస్.ఐ. కాగితం, పెన్ను ముందుకు తోసినాడు.

చిక్కు సంతకం దగ్గర వచ్చింది. ఒకటే కాగితం. పైన ఎవరు పెట్టాలి? వీరభద్రారెడ్డి పెన్ను అందుకోగానే సుబ్బరాయుడు కుర్చీలోంచి లేచినాడు. "ఆయన కింద నేను పెట్టేదే లేదు" అన్నాడు. "నీ కింద నేను పెడ్తానా?" అన్నాడు ఆయన. అప్పటిదాకా నవ్విన గది బిగుసుకుంది. కిటికీలోంచి రెండు జీపులూ కనిపిస్తున్నాయి.

వాకిలి కాడ నిలబడ్డ గుల్జార్‌బీ లోపలికి వచ్చింది.

"లేదని ముందు చెప్పింది నేను. ఉండాదని ముందు చెప్పేది గూడా నేనే. యాడ సార్ సిరా?" అని కాగితం పైన బొటనవేలు గట్టిగా అద్దింది. "ఇప్పుడు మీరిద్దరూ నా కింద, పక్కపక్కన పెట్టుకోండి. నా కింద పెట్టనీకి ఎవరికన్నా నామోషీనా?"

నామోషీ అని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఒకే వరుసలో, ఒకరు ఎడమన, ఒకరు కుడిన సంతకాలు పెట్టినారు. బయటికి వచ్చి ఎవరి జీపు వాళ్లెక్కినారు. రాజీ అయిందని నేను రాయను, కాలేదు. కేసులు కోర్టులో అట్లాగే ఉన్నాయి. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఒక పార్టీ ఇప్పటికీ అట్లాగే నడుస్తున్నది. కానీ ఆ దినం రాళ్లు లేవలేదు, తలకాయలు పగలలేదు. దేవునికి స్తోత్రం.

అలీ అహ్మద్ ఆ కాగితాల వెంట తానే హైదరాబాదు పోయి, క్రిస్మస్ అయిన మూడో దినం పాసుపోర్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. తన చార్జీ తీసుకోలేదు. "చూసొచ్చినాక ఎట్లుండాదో నాకొచ్చి చెప్పు, అదే నా ఫీజు" అన్నాడు. సరస్వతమ్మ గారు ఒక మంచి గొడుగు పంపినారు. గుల్జార్‌బీ రాగిపిండి, చెనిగ్గింజల పొడి, మిరపకాయ పచ్చడి కట్టి ఇచ్చింది. బరువు ఎక్కువవుతుందని అలీ అహ్మద్ పచ్చడి తీయించినాడు, గుల్జార్‌బీ మళ్లీ పెట్టింది. చివరికి పచ్చడే గెలిచింది.

జనవరి పందొమ్మిదిన ఆమె మద్రాసులో విమానం ఎక్కింది. నేను వెంట పోయినాను. లోపలికి పోయే ముందు, ఇసుకకు పోయే వాళ్లను ఆస్పత్రి ఎలిజబెత్ సిస్టరు చూసుకుంటుందనీ, ఎవరూ పూట తప్పకుండా చూడమనీ నాతో చెప్పింది. తన గురించి ఒక్క మాటా లేదు. అద్దం అవతల ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని, బల్ల పట్టుకోకుండా నిలబడింది. ఏమడిగినాడో వినపడలేదు, స్టాంపు వేయడం కనపడింది.

ఇది రాసే దినానికి ఆమె జాఫ్నా చేరి వారం దాటింది. డాక్టరమ్మే ఫోను చేసి చెప్పింది. సముద్రపు ఇసుక పెన్నేటి ఇసుక కన్నా బరువట, పిల్లలు తమిళంలో ఏడుస్తారట, దేవకుమారి తెలుగులో తిడుతుందట, నడక మాత్రం వస్తున్నదట.

మా పేటపిల్లకు పని ఇచ్చిన మిషను ఆస్పత్రికి, పిలిచిన డాక్టరమ్మకు, తానే వెంటబడి తిరిగిన అలీ అహ్మదుకు, ఒక వరుసలో సంతకం పెట్టిన ఆ ఇద్దరికి, అందరికన్నా పైన వేలిముద్ర వేసిన గుల్జార్‌బీకి మా సంఘం తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను. మళ్లీ రాసిన విచారణలో "ఊరివారందరికీ బాగా తెలిసిన మనిషి" అని రాసిన ఆ నల్లద్దాల కానిస్టేబుల్‌కూ వందనాలు. ఆయన ఇప్పుడు మా ఊరి మీదుగా పోతే ఆగి ఉగ్గాని తింటాడు. గుల్జార్‌బీ దుడ్లు తీసుకోదు.

దేవకుమారి తిరుగు విమానం ఫిబ్రవరి పదిహేడున. ఆ రాత్రి మద్రాసులో రైలెక్కి ముద్దనూరు స్టేషన్లో దిగేది 2004 ఫిబ్రవరి 18, బుధవారం పొద్దున.